కొయ్య గిటారు - కర్ణాటక గమకము

పరదేశమునుండి వచ్చిన వాద్యము మన సంగీతమునకు చుట్టమా, పగయా అను ప్రశ్న నేటిది కాదు. వయొలిన్ వచ్చినపుడును, హార్మోనియము వచ్చినపుడును పెద్దలు దీనినే అడిగిరి. నేడు గిటారు విషయమున మన యిండ్లలో తలిదండ్రులు దీనినే అడుగుచున్నారు.

ఉద్యోగధర్మమున బదిలీలపై ఊరూరు తిరుగు మనవంటి కుటుంబములలో ఈ ప్రశ్నకు మరింత బరువు కలదు. రాజమహేంద్రవరముననో, విజయనగరముననో ఉన్నచో పొరుగింటి పెద్దముత్తైదువ యొద్దనైనను పిల్ల సరళీస్వరములు చెప్పుకొనును. సూరతువంటి నగరమున కర్ణాటక సంగీతము నేర్పు గురువు దొరకుట కష్టము. గిటారు నేర్పువారు సులభముగా దొరకుదురు. పిల్లవాడు గిటారు కొనిపెట్టుమనును. తండ్రికి మనసొప్పదు. ఇంట తెలుగుమాట ఎటులో అరకొరగా నిలిచినది, ఇక పాటయు పోవునేమో యని తల్లి దిగులుపడును. ఈ దిగులు నవ్వి త్రోసిపుచ్చదగినది కాదు. అయితే దీనికి సమాధానము కోపతాపములతో కాక చరిత్రతో చెప్పవలయునని నా తలంపు. అందులకై 1976లో లండను నగరమున తయారైన ఒక గ్రామఫోను రికార్డును, పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో పుట్టిన ఒక బాలుని కథను ఈ వ్యాసమున ముడివేసి పరిశీలింతము.

సూరతు రేవున దిగిన వాద్యములు

ముందుగా మనమున్న ఊరినుండియే ప్రారంభింతము. ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీవారు 1611లో మన మచిలీపట్టణమున వర్తకస్థానము నెలకొల్పిరి. అటుపిమ్మట కొలది కాలమునకే, 1613లో, సూరతున వారి వర్తకశాల స్థిరపడెను. కావున తెలుగు రేవునకును, ఈ తపతీనది రేవునకును చరిత్రలో ఒకే యీడు అనవచ్చును. నూలుబట్ట, పట్టుబట్ట, నీలిమందు ఎగుమతియైన ఈ రేవుననే ఐరోపా వాద్యములును, వాటిని వాయించువారును దిగిరి.

1612లో థామస్ బెస్టు నాయకత్వమున సూరతు చేరిన ఓడలలో ఇద్దరు వాద్యకారులు వచ్చిరి. ఒకడు రాబర్టు ట్రల్లీ; ఇతడు కార్నెట్ అను ఊదువాద్యమున నేర్పరి. రెండవవాడు లాన్సిలాట్ కానింగ్. ఇతడు వర్జినల్ అను మీటల పెట్టె వాయించువాడు. జహంగీరు చక్రవర్తికి ఇంగ్లండు రాజు పంపిన లేఖతోపాటు వీరినికూడ ఆగ్రాకు తీసికొనిపోయిరి. అక్కడ జరిగినదానిని కంపెనీ ఉద్యోగి నికొలస్ విదింగ్టన్ తన వ్రాతలలో చెప్పియున్నాడు. చక్రవర్తికి మీటల పెట్టె రుచింపలేదు. కార్నెట్ మాత్రము నచ్చెను. తన పనివాండ్రచే అటువంటివి చేయించెను గాని అవి సరిగా పలుకలేదు. తన కొలువులోని వాద్యకారునొకనికి ఆ విద్య నేర్పుమనియు ఆజ్ఞాపించెను. 1615లో సూరతున దిగిన రాయబారి సర్ థామస్ రో సమర్పించిన కానుకలలోను ఒక వర్జినల్ ఉండెను. కొంతకాలము వింతగా చూచిరి, పిదప మరచిరి.

ఈ చిన్నకథలో ఒక పెద్ద పాఠము కలదు. చక్రవర్తి ఆజ్ఞయున్నను, రాజు కానుకయైనను, వాద్యము తనంత తాను ఒక దేశపు సంగీతములో చొరబడజాలదు. దానిని ఆ దేశపు పాట తెలిసిన చేయి అందుకొనవలయును. అట్టి చేయి దొరకనంత కాలము అది ప్రదర్శనశాలలోని వస్తువే.

వయొలిన్ చేసిన ప్రయాణము

అట్టి చేయి సుమారు రెండు వందల ఏండ్ల తరువాత దక్షిణదేశమున దొరకెను. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు (1786-1859) చెన్నపట్టణపు ఛాయలలోని మణలిలో ఉన్న కాలమున తెల్లదొరల వయొలిన్ విని, దానిని నేర్చి, కర్ణాటక సంగీతమునకు అనువుగా మలచెను. తంజావూరు సోదర చతుష్టయములోని వడివేలు తిరువాన్కూరు ఆస్థానమున దానికి గౌరవము తెచ్చెను. దొరలు నిలుచుండి గడ్డముక్రింద నదిమి వాయించు వాద్యమును మనవారు నేలపై కూర్చుండబెట్టిరి. దాని తలను కుడికాలి మడమపై ఆనించిరి. తీగలను షడ్జపంచమములకు శ్రుతిచేసిరి. ఈ మూడు మార్పులతో ఎడమచేయి స్వేచ్ఛగా తీగపై జారుటకు వీలుకలిగెను. జారుట వచ్చినంతనే గమకము వచ్చెను. గమకము వచ్చినంతనే వయొలిన్ మనదయ్యెను.

తెలుగునాట ఈ ప్రయాణమునకు పరాకాష్ఠ ద్వారం వెంకటస్వామి నాయుడుగారు (1893-1964). 1919లో విజయనగర మహారాజావారు సంగీత కళాశాల నెలకొల్పి, ఆదిభట్ల నారాయణదాసుగారిని అధ్యక్షులుగా నియమించినపుడు, నాయుడుగారు ఇరువదియారేండ్ల ప్రాయముననే అక్కడ వయొలిన్ ఆచార్యులైరి. 1936లో ఆ కళాశాలకు అధ్యక్షులైరి. పక్కవాద్యముగా నుండిన వయొలిన్‌ను కచేరీకి ముఖ్యవాద్యముగా కూర్చుండబెట్టిన ఘనులలో వారొకరు. నేడు వయొలిన్ లేని కచేరీని మన మూహింపలేము. అది పరదేశపు వాద్యమని గుర్తుచేసినచో పిల్లలు ఆశ్చర్యపడుదురు.

హార్మోనియము కథ దీనికి ఎదురుకథ. దానిలో స్వరములు మీటల క్రింద బిగిసియుండును. ఒక స్వరమునుండి మరొక స్వరమునకు ఎగిరి దుమికవలసినదే గాని జారుటకు త్రోవలేదు. ఈ కారణముచేతనే ఆకాశవాణివారు 1940 మార్చి మొదలు దానిని తమ ప్రసారములనుండి బహిష్కరించిరి. 1971లో గాని ఆ కట్టడి సడలలేదు. మన తెలుగు పద్యనాటకము మాత్రము హార్మోనియమును ఎన్నడును విడువలేదు. రంగస్థలమున పద్యమునకు శ్రుతి, అండ కావలెను. రాగాలాపనకు జారు కావలెను. అవసరములు వేరు, తీర్పులు వేరు. కావున వాద్యము పుట్టిన దేశమేది యని కాక, మన పాటకు కావలసినది అది ఈయగలదా లేదా యని అడుగుట న్యాయము.

గిటారు స్వభావము

ఈ కొలబద్దతో గిటారును చూతము. స్పెయినుదేశమున పెరిగి ప్రపంచమంతయు వ్యాపించిన ఈ ఆరుతీగల వాద్యమునకు మన వీణవలెనే మెట్లు కలవు. కాని పోలిక అంతటితో సరి. వీణకు ఇరువదినాలుగు మెట్లు మైనముపై ఎత్తుగా నిలుపుదురు. మెట్టుమీద తీగను ప్రక్కకు లాగినచో ఒకే మెట్టుపై రెండు మూడు స్వరములు పలుకును. గిటారు మెట్లు చెక్కలో దిగగొట్టినవి, ఎత్తు తక్కువ. తీగల బిగువు ఎక్కువ. మరియు పాశ్చాత్యులు గిటారును ఎక్కువగా వాడునది పలుస్వరములను ఒక్కసారి మ్రోగించు స్వరమేళనమునకు. మన సంగీతము ఒక స్వరమును పట్టి దానిని ఊపి, వంచి, పొరుగు స్వరముల నీడను దానిపై పడనిచ్చు మార్గము. గిటారు స్తంభములు నిలిపి పందిరి వేయును. వీణ తీగెను ప్రాకించును.

జాజ్ అను సంగీతము ఇరువదవ శతాబ్ది ఆరంభమున అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ నగరమున నీగ్రోజాతివారని నాడు పిలువబడిన ఆఫ్రికన్ అమెరికనుల చేత రూపొందెను. దానికి ప్రాణము అప్పటికప్పుడు కల్పించి వాయించుట. మన వారు మనోధర్మమందురు గదా, అది. కాని జాజ్ బృందములో బాకాల, డోళ్ళ మ్రోతలో కొయ్య గిటారు వినబడెడిది కాదు. 1939లో బెన్నీ గుడ్మన్ బృందమున చేరిన చార్లీ క్రిస్టియన్ విద్యుత్తు గిటారుతో ఆ లోటు తీర్చెను. నాటినుండి జాజ్ గిటారు అనగా విద్యుత్తు గిటారే అనునంతగా కొయ్య గిటారు వెనుకబడెను.

1976లో ఈ కొయ్య గిటారు రెండు త్రోవలలో తలయెత్తినది. అమెరికాలోని డిట్రాయిట్ నగరవాసి ఎర్ల్ క్లూ తన పేరనే తొలి రికార్డును బ్లూనోట్ కంపెనీద్వారా ఆ యేటనే వెలువరించెను. పదమూడవ ఏట టెలివిజనులో చెట్ అట్కిన్స్ గిటారు విని ముగ్ధుడైనవాడితడు. ఈతని నైలాను తీగల గిటారు మెత్తగా, తీయగా, చెవికి శ్రమలేకుండ పలుకును. 1979లో బాబ్ జేమ్స్‌తో కలిసి ఈతడు చేసిన రికార్డునకు అమెరికావారి గ్రామీ బహుమానమును లభించెను. 'స్మూత్ జాజ్', అనగా నునుపైన జాజ్, అని తరువాతి కాలమున పేరుపడిన బాణీకి ఈతని వాదనము మార్గదర్శకములలో ఒకటి. సాయంకాలము అలసివచ్చిన మనిషికి విశ్రాంతి నిచ్చు సంగీతమిది. దానిని చులకన చేయనక్కరలేదు.

రెండవ త్రోవ మనకు మరింత దగ్గరిది. అది కొయ్య గిటారును కర్ణాటక సంగీతము గుమ్మమునకు తెచ్చినది.

ఒక గుప్పెడు సౌందర్యము

జాన్ మెక్‌లాఫ్లిన్ 1942లో ఇంగ్లండులోని యార్క్‌షైరు సీమలో జన్మించెను. 1969 ప్రాంతమున అమెరికా చేరి, సుప్రసిద్ధ జాజ్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ రికార్డులలో వాయించి పేరొందెను. 1971లో 'మహావిష్ణు ఆర్కెస్ట్రా' అను బృందము కట్టి, చెవులు గింగురుమను విద్యుత్తు గిటారుతో లోకమును కదిలించెను. అట్టివాడు, కీర్తియు ధనమును దండిగా వచ్చుచున్న కాలమున, ఆ మ్రోత నంతయు విడిచి, నేలపై కాళ్ళు మడచి కూర్చుండి కొయ్య గిటారు చేపట్టెను. విద్వాంసుడైన డాక్టర్ ఎస్. రామనాథన్ అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయమున బోధించుచుండగా వారియొద్ద వీణ నేర్చుకొనెను. ముప్పది యేండ్లు దాటిన పేరుగల విద్వాంసుడు మరల సరళీస్వరముల పలకపై కూర్చుండుట ఎంత వినయమో గ్రహింతురుగాక!

వీణ నేర్చినపిమ్మట అతనికి తన గిటారు లోపము తెలిసివచ్చెను. గిబ్సన్ కంపెనీలో ఏబ్రహాం వెక్టర్ అను పనివాడు అతనికొక ప్రత్యేకమైన గిటారు చేసియిచ్చెను. దానిలో రెండు విశేషములు. మొదటిది: మెట్లకు నడుమ చెక్కను గుంటలుగా తొలిచిరి. దానివలన వ్రేలు తీగను మాత్రమే తాకును; లోనికి నొక్కి ప్రక్కకు లాగుటకు వీలుకలుగును. మైనపు మెట్ల ఎత్తు వీణకిచ్చు సౌకర్యమును ఈ గుంటలు గిటారునకు ఇచ్చెను. రెండవది: ఆరు తీగల క్రిందుగా ఏటవాలుగా ఏడు శ్రుతితీగలను అమర్చిరి. తంబురా యొక్కటి గిటారు కడుపులో చేరినట్లయ్యెను. బాలుస్వామి దీక్షితులు వయొలిన్ పట్టును మార్చెను. ఈ ఆంగ్లేయుడు గిటారు మేనినే మార్పించెను. ఇరువురి కోరికయు ఒక్కటే: గమకము.

ఈ గిటారు చుట్టును 'శక్తి' అను బృందము సమకూడెను. వయొలిన్ ఎల్. శంకర్, తబలా జాకీర్ హుస్సేన్, ఘటము టి.హెచ్. వినాయకరామ్, మృదంగము రామనాథపురం రాఘవన్. వీరి తొలి రికార్డు 1975 జూలైలో అమెరికాలోని ఒక కళాశాలలో జరిగిన కచేరీనుండి తీసినది. రెండవది 1976 ఆగస్టులో లండనులోని ట్రైడెంట్ స్టూడియోలో ముద్రించినది. దాని పేరు 'ఎ హ్యాండ్‌ఫుల్ ఆఫ్ బ్యూటీ'; గుప్పెడు సౌందర్యము అని తెనుగు చేయవచ్చును. ఈ రికార్డు నాటికి రాఘవన్ లేరు. మిగిలిన నలుగురే వాయించిరి.

ఇందు ఆరు అంశములు కలవు. మొదటిది సోల్కట్టుతో ప్రారంభమగును. తాళవాద్యపు జతులను నోటితో పలికి, పిదప వాద్యములు అందుకొనును. 'ఇండియా' అను మూడవ అంశము పన్నెండు నిమిషములకు పైబడినది. గిటారు ఒంటరిగా, తొందరలేక, ఆలాపన చందమున నడచును. నాలుగవ దాని పేరే 'కృతి'. అది సుమారు మూడు నిమిషములది. త్యాగరాజు తెలుగులో వ్రాసిన కృతులవలన లోకప్రసిద్ధమైన ఈ సంగీతరూపము పేరు అనువాదము లేక యథాతథముగా ఒక ఆంగ్లేయుని రికార్డుపై అచ్చుపడుట మనము గమనింపదగినది. అయిదవది పదిహేను నిమిషముల దీర్ఘరచన. చివరిది అక్కచెల్లెండ్రను గూర్చినది, నెమ్మదియైన పాటవంటిది.

ఇచ్చట రికార్డు నిడివిని గూర్చి ఒక మాట. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడినది మొదలు మన విద్వాంసులందరును సుమారు మూడు నిమిషముల పలకలలో రాగమును ఇమిడ్చిరి. అది సంగీతమును సీసాలో బిగించుటయే యైనను, ఆ సీసాలే ఊరూర ప్రతి ఇంటికిని సంగీతమును చేర్చెను. 1948లో దీర్ఘకాలపు రికార్డు వచ్చినపిదప ఒక్కొక్క వైపున ఇరువది నిమిషములకు పైగా చోటు దొరకెను. ఆలాపన ఊపిరి పీల్చుకొనెను. 'శక్తి' వారి రికార్డు ఈ రెండు యుగములను ఒకే పలకపై చూపుచున్నది: మూడు నిమిషముల కృతియు, పదిహేను నిమిషముల విస్తారమును.

ఈ రికార్డులో లోపము లేకపోలేదు. ద్రుతకాలమున గిటారును వయొలిన్‌ను పోటీపడి పరుగెత్తునపుడు వేగము విస్మయము గొలుపును గాని రాగము ముఖము కనబడదు. ఎంత గుంటలు తొలిచినను గిటారు గమకము వీణ గమకమునకు పూర్తిగా సాటి రాలేదు; వయొలిన్ ప్రక్కన ఆ తేడా స్పష్టము. అయినను ఇందొక గొప్పతనమున్నది. అంతకుముందు పెక్కుమంది పాశ్చాత్యులు మన సంగీతమును తమ వంటకమున సుగంధద్రవ్యమువలె చల్లిరి. ఈతడు స్వరమేళనపు పందిరిని తగ్గించి, శ్రుతికి కట్టుబడి, తాళమునకు తలవంచి, మన పంక్తిలో కూర్చుండెను. వడ్డించిన విస్తరిని గౌరవించిన అతిథి యతడు. 1977లో మూడవ రికార్డు వెలువడెను. మరుసటి యేడు బృందము విడిపోయెను.

పాలకొల్లు బాలుడు

లండనులో ఈ రికార్డు తయారగుచున్న దినములలోనే, వేలమైళ్ళ దూరమున, ఏడేండ్ల తెలుగుబాలుడు మరియొక పరదేశపు వాద్యముతో కుస్తీపట్టుచుండెను. ఉప్పలపు శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో జన్మించెను. తండ్రి సత్యనారాయణగారు వాద్యకారుడు. ఆయన యింట లేనపుడు కొడుకు ఆయన మాండలిన్ తీసి వాయించుచుండుట చూచి, తండ్రియే వేరొకటి కొనియిచ్చి పాఠము మొదలిడెను. ఇటలీదేశపు ఈ చిన్నవాద్యము మన సినిమా పాటలలో నక్కడక్కడ మెరసెడిదే గాని, కచేరీ వేదికకు పనికివచ్చునని ఎవ్వరును తలపలేదు. 1976లో గిటారు వాదకుడు వాసూరావు ఆ బాలునికి పాశ్చాత్యసంగీతమును రుచిచూపెను. పిదప తండ్రికి గురువైన రుద్రరాజు సుబ్బరాజుగారు బాలుని ప్రతిభ గుర్తించి శిష్యునిగా చేర్చుకొనిరి. సుబ్బరాజుగారు చెంబై వైద్యనాథ భాగవతారు శిష్యులు.

ఇక్కడనే మన ప్రశ్నకు సమాధానమున్నది. సుబ్బరాజుగారికి మాండలిన్ వాయించుట రాదు. వారు పాడెడివారు, బాలుడు వినిన దానిని తీగపై వెదకి పట్టుకొనెడివాడు. ఏ మెట్టుపై ఏ వ్రేలుంచవలెనో చెప్పువారు లేరు. గొంతులో వినబడిన జారు, ఊపు, నొక్కు అన్నియు తీగపై ఎట్లు వచ్చునో తానే కనుగొనవలసివచ్చెను. అందుచేత అతడు నేర్చినది మాండలిన్ కాదు, పాట. మాండలిన్ ఆ పాటకు పరికరమాత్రమయ్యెను. గురువునకు వాద్యము తెలియకపోవుటయే శిష్యునకు వరమైనది.

సామాన్యమైన మాండలిన్‌కు నాలుగు జతలుగా ఎనిమిది తీగలుండును. జంటతీగను లాగినచో రెండును ఒకే కొలతలో వంగవు, గమకము చెదరును. శ్రీనివాస్ జంటలను విడగొట్టి ఒంటితీగలు చేసి, క్రిందిస్థాయి కొరకు అయిదవ తీగను చేర్చెను. స్వరము వెంటనే చచ్చిపోకుండ విద్యుత్తుచే ధ్వనిని నిలుపుకొనెను. బాలుస్వామి దీక్షితులు, మెక్‌లాఫ్లిన్ చేసిన పనినే ఈతడును చేసెను. 1978లో, తొమ్మిదవ ఏట, గుడివాడలో జరిగిన త్యాగరాజ ఆరాధనోత్సవమున తొలికచేరీ చేసెను. 1981లో చెన్నపట్టణపు మార్గశిరపు కచేరీలలో వాయించెను. మాండలిన్ కర్ణాటక వాద్యమగునా యని ముఖము చిట్లించినవారు లేకపోలేదు. కాని అభ్యంతరము కచేరీకి ముందే. కచేరీ యయిన పిదప దానికి చోటు మిగులలేదు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవమున పదునాలుగేండ్ల ఈ బాలుడు వాయింపగా ఐరోపా రసికులు అబ్బురపడిరి. 1998లో భారత ప్రభుత్వము పద్మశ్రీతో గౌరవించెను.

రెండు త్రోవల కూడలి

1995లో ఇంగ్లండులోని రియల్ వరల్డ్ సంస్థ 'డ్రీమ్' అను రికార్డును వెలువరించెను. కెనడాదేశపు గిటారు విద్వాంసుడును, ధ్వనిశిల్పియునగు మైకేల్ బ్రూక్ దానిని శ్రీనివాస్‌తో కలిసి తయారుచేసెను. అదే సంస్థ 1994లో 'రామ శ్రీరామ' పేర శ్రీనివాస్ వాయించిన శుద్ధ కర్ణాటక సంగీతమును ప్రకటించియుండెను. ఈ రెండింటిని ప్రక్కప్రక్కన వినుట మేలు. ఒకదానిలో అతడు గురువు పాడిన త్రోవన నడచును. రెండవదానిలో గిటారు పొగమంచువలె పరచిన ధ్వనులపై సంచరించును. నడక మాత్రము మారలేదు. వేషము మారినను మనిషిని నడకబట్టి గుర్తుపట్టుదుము గదా!

1997లో మెక్‌లాఫ్లిన్, జాకీర్ హుస్సేన్ పాత బృందమును తలచుకొనుచు 'రిమెంబర్ శక్తి' అను పేర నూతన ప్రయత్నము ప్రారంభించిరి. కొలదికాలమునకే వయొలిన్ స్థానమున మాండలిన్ శ్రీనివాస్, ఘటము స్థానమున వినాయకరామ్ కుమారుడు సెల్వగణేశ్, గాయకుడుగా శంకర్ మహాదేవన్ చేరిరి. 1976లో ఒకే ఏట వేరువేరు ఖండములలో గమకమునకై తీగలు లాగిన ఇరువురును ఒకే వేదికపై ఎదురెదురుగా కూర్చుండిరి. 2000లో వెలువడిన 'ది బిలీవర్', 2001లో వెలువడిన 'సాటర్డే నైట్ ఇన్ బాంబే' అను రికార్డులలో వారి సంభాషణ వినవచ్చును. ఈ రెండవది 2000 డిసెంబరులో బొంబాయిలో, అనగా మన సూరతునకు 263 కిలోమీటర్ల దూరమున, జరిగిన కచేరీలనుండి తీసినది. ప్రేక్షకుల కరతాళధ్వనులును అందు వినబడును.

గిటారు ప్రశ్న వేయగా మాండలిన్ బదులు చెప్పుట ఈ రికార్డులలో పలుమారులు జరుగును. వినునపుడు ఒక సంగతి తెలియును. గిటారు గమకమును నేర్చుకొన్నది. మాండలిన్ గమకముతో పుట్టినది. మొదటిది ప్రయత్నము, రెండవది స్వభావము. ప్రయత్నము తక్కువది కాదు. కాని స్వభావమునకు మూలము ఆ వాద్యము కాదు, బాలుని చెవిలో సుబ్బరాజుగారు నింపిన పాట.

2014 సెప్టెంబరు 19న, నలువదియైదవ ఏట, శ్రీనివాస్ చెన్నైలో కన్నుమూసెను. మెక్‌లాఫ్లిన్ 2008లో ప్రకటించిన 'ఫ్లోటింగ్ పాయింట్' అను రికార్డులో శ్రీనివాస్ తమ్ముడు రాజేష్ మాండలిన్ వినబడును. 2023లో 'శక్తి' బృందము 'దిస్ మొమెంట్' అను రికార్డు చేయగా, 2024 ఫిబ్రవరిలో దానికి గ్రామీ బహుమానము లభించెను. అదే సంవత్సరము డిసెంబరు 15న జాకీర్ హుస్సేన్ మరణించెను. మనుష్యులు పోవుదురు, పలకలపై గీతలు నిలుచును. కాని పలక పాటను నిలుపును గాని పాడువానిని పుట్టింపలేదు. ఆ పని ఇంటిది.

మన కర్తవ్యము

సలాబత్‌పురా పేట మగ్గములకును, వస్త్రవ్యాపారమునకును పేరుగన్నది. తెలంగాణమునుండి వచ్చిన మన పద్మశాలి సోదరులు ఈ సూరతు నగరమున తరతరములుగా నేతపనిలో ఉన్నారు. చేతిమగ్గము పోయి మరమగ్గము వచ్చినది. నూలు పోయి కృత్రిమ దారము వచ్చినది. అయినను పడుగు పేకల నియమము మారలేదు. పడుగు గట్టిదైనచో పేకగా ఏ రంగు దారమైనను నేయవచ్చును. పడుగే లేనిచో బంగారు జరీ తెచ్చినను బట్ట కాదు, పోగుల కుప్పయే యగును.

మన పిల్లలకు పాట పడుగు, వాద్యము పేక. పిల్లవాడు గిటారు అడిగినచో కాదనవలదు. కొనియిండు. కాని దానికి ముందో, దానితోపాటో, ఒక చిన్నపని చేయుడు. ఇంట తల్లికి వచ్చిన మంగళహారతియో, తాతకు వచ్చిన పద్యమో, అమ్మమ్మ లాలిపాటయో వానికి గొంతుతో నేర్పుడు. నేర్చినదానిని గిటారుపై వెదకి పట్టుకొమ్మనుడు. మీకు గిటారు తెలియదని సంకోచింపవలదు. సుబ్బరాజుగారికి మాండలిన్ తెలియదు. మీ గొంతు శ్రుతిగా ఉండనవసరమును లేదు. పిల్లవాడు ఆ పాటను గిటారుపై వెదకునపుడు, ఒకచోట తీగ లాగనిదే అమ్మ పాట రాదని తానే కనుగొనును. ఆ క్షణమున వానికి గమకమనగా ఏమో ఏ గ్రంథమును చెప్పలేనంత స్పష్టముగా తెలియును.

సంఘముగా మనము చేయదగినదియు కలదు. ద్వారం వారి వయొలిన్, ఈమని శంకరశాస్త్రిగారి వీణ, చిట్టిబాబుగారి వీణ, శ్రీనివాస్ మాండలిన్, వానితోపాటు ఈ గిటారు రికార్డులు సేకరించి, నెలకొకసారి కుటుంబములు కూడి వినుట. ఒక గంట చాలును. విన్నపిదప పిల్లలనే అడుగుడు: ఇందు మన పాట ఎక్కడ వినబడినది? వారు చెప్పు సమాధానములు పెద్దలకును పాఠములగును.

నాలుగు శతాబ్దములక్రిందట ఈ రేవున దిగిన మీటల పెట్టె మౌనముగా మరుగుపడెను. దానిని అందుకొను పాట ఆనాడు దానికి ఎదురు రాలేదు. వయొలిన్‌కు ఎదురువచ్చెను, మాండలిన్‌కు ఎదురువచ్చెను. మన యిండ్లకు వచ్చుచున్న గిటారునకు ఎదురువచ్చు పాట ఉన్నదా లేదా అనునది గిటారు చేతిలో లేదు. అది మన నోట నున్నది.